2022 ఎఫ్1 కార్లు అంతలా ఎందుకు ఎగిరాయి? (కారు కింది గాలి గురించి)

కాకినాడ_కుర్రోడు | శుక్రవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లాక్‌డౌన్‌లో ఫార్ములా వన్ చూడటం అలవాటైంది, ఇప్పుడు వదలడం లేదు. సెలవుల్లో 2022 రేసులు మళ్ళీ చూస్తున్నా. స్ట్రెయిట్ (తిన్నని దారి) మీద మెర్సిడెస్ కారును చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. డ్రైవర్ హెల్మెట్ ఆగకుండా కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. బాకు రేసు అయ్యాక మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్ నడుం పట్టుకుని, కారులోంచి దిగడానికే అవస్థ పడ్డాడు. మా ఊళ్ళో షేర్ ఆటో వెనక సీట్లో కూడా ఇంత కుదుపు ఉండదు.

కామెంటరీలో "పార్పాయిజింగ్" అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్ళిపోతారు. అసలు అక్కడ ఏం జరుగుతోంది? అన్ని కోట్లు, అంతమంది ఇంజనీర్లు ఉండి కూడా కారు ట్రాక్ ఎక్కేదాకా ఎవరికీ తెలియకపోవడం ఏమిటి? ఎవరైనా లెక్కతో సహా చెబితే బాగుంటుంది. మా కాలేజీ టీము ఈ ఏడాది సింగిల్ సీటర్ కడుతోంది. అండర్‌ట్రే, అంటే కారు అడుగు పలక, చేసే పని నా నెత్తిన పడింది. అందుకే ఈ ఆరాటం.

సీమ_మిరప | శుక్రవారం రాత్రి 11:02

ఇందులో పెద్ద రహస్యం ఏముంది తమ్ముడూ. ఆ ఏడాది 13 అంగుళాల చక్రాలు తీసేసి 18 అంగుళాలవి పెట్టారు. టైరు గోడ ఎత్తు తగ్గింది, కుషన్ పోయింది. పైగా సస్పెన్షన్ రాయిలా బిగించారు. గతుకు తగిలితే ఎగరక ఏం చేస్తుంది?

మూడో_గేరు | శుక్రవారం రాత్రి 11:31

సగం కూడా కాదు గురూ. గతుకు వల్ల అయితే గతుకు దగ్గర ఎగిరి ఆగాలి. 2022 ఫిబ్రవరిలో బార్సిలోనా టెస్టింగ్‌లో మొదటిసారి చూశాం, అది మరీ గతుకుల ట్రాకేం కాదు. స్ట్రెయిట్ మీద వేగం ఒక హద్దు దాటగానే ఎగరడం మొదలయ్యేది, బ్రేకు కొట్టగానే ఆగిపోయేది. అంటే దానికి తాళం రోడ్డు దగ్గర లేదు, వేగం దగ్గర ఉంది. టైర్లు, సస్పెన్షన్ గట్టిగా ఉండటం దాన్ని ఇంకాస్త పెంచింది, ఆ మేరకు నువ్వు చెప్పింది నిజమే.

పాత_లేత్ మాస్టారు ఉన్నారా? ఇది మీ సబ్జెక్టు.

పాత_లేత్ | శనివారం ఉదయం 6:15

ఉన్నాను నాయనా. రిటైరయ్యాక పొద్దున్నే లేవడం, ఇలాంటివి చదవడం తప్ప పనేముంది.

కాకినాడ అబ్బాయీ, మీ వైపు గోదావరి కాలువల మీద పాత వంతెనలు చూసే ఉంటావు. కాలువ వెడల్పుగా ఉన్నంతసేపు నీళ్ళు తాపీగా పోతాయి. వంతెన కింద దారి ఇరుకైన చోట వడి పెరుగుతుంది. అక్కడ నీటి మట్టాన్ని జాగ్రత్తగా చూడు. వేగం పెరిగిన చోట మట్టం కొద్దిగా కిందికి దిగి, వంతెన దాటాక మళ్ళీ లేస్తుంది. గాలికి మట్టం ఉండదు, దాని బదులు పీడనం పడిపోతుంది. హైవే మీద లారీ పక్క నుంచి బైకు మీద వెళ్తుంటే లారీ వైపు లాగినట్టు అనిపించేది ఇందుకే. మధ్య సందులో గాలి పరిగెడుతుంది, పీడనం తగ్గుతుంది, అవతలి వైపున్న మామూలు గాలి నిన్ను నెడుతుంది.

2022 కార్ల అడుగున సరిగ్గా ఇదే చేశారు. ముందు నోరు తెరిచినట్టు ఉండి, మధ్యలో రోడ్డుకు బాగా దగ్గరయ్యి, వెనక మళ్ళీ పైకి లేచే రెండు సొరంగాలు. ఇరుకైన చోటును గొంతు అనుకో, వెనక లేచే భాగం డిఫ్యూజర్. ఇప్పుడు లెక్క చూద్దాం. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. సగం ఇంటూ సాంద్రత ఇంటూ వేగం వర్గం చేస్తే 1,500 పాస్కల్. కారు కింద గాలి బయటి గాలికంటే ఒకటిన్నర రెట్లు వేగంగా పోతోందనుకో. పీడనం తగ్గుదల 1,500ను 1.25తో గుణిస్తే వస్తుంది, అంటే 1,875 పాస్కల్. చదరపు మీటరుకు దాదాపు 190 కిలోల బరువు పెట్టినట్టు.

వేగం రెట్టింపు చెయ్యి. 360 దగ్గర నాలుగు రెట్లవుతుంది, చదరపు మీటరుకు సుమారు 760 కిలోలు. 2022లో డ్రైవర్‌తో కలిపి కారు కనీస బరువు 798 కిలోలు. అంటే అడుగున ఒక్క చదరపు మీటరే దాదాపు కారంత బరువుతో కిందికి లాగుతుంది. అడుగు మొత్తం ఒకే వేగంతో గాలి పోదు కాబట్టి ఈ సంఖ్యను కారు మొత్తానికి గుణించెయ్యకు. ఎంత పెద్ద బలంతో ఆడుకుంటున్నామో తెలియడానికి చెప్పాను.

ఇక అసలు తిరకాసు. వేగం పెరిగేకొద్దీ కారు రోడ్డుకు అతుక్కుంటుంది. గొంతు ఇంకా ఇరుకవుతుంది, ఇంకా లాగుతుంది. ఇలా లాగుతూ లాగుతూ ఒక దశలో సందు ఎంత సన్నబడుతుందంటే, కారు అడుగుకు అంటుకుని మందగించే గాలి పొరే దారి సగం ఆక్రమిస్తుంది. గాలి ఊపిరాడక తెగుతుంది. అంతే, లాగుడు ఠక్కున పోతుంది. అప్పటిదాకా నలిగి ఉన్న స్ప్రింగులూ టైర్లూ కారును పైకి తంతాయి. పైకి లేవగానే సందు పెరిగి గాలి మళ్ళీ అందుకుంటుంది, మళ్ళీ లాగుతుంది. సెకనుకు ఐదారుసార్లు ఇదే తంతు. పార్పాయిస్ అనే డాల్ఫిన్ లాంటి జీవి నీళ్ళలో మునుగుతూ తేలుతూ ఈదుతుంది, ఆ పేరే పెట్టారు.

ఇంకొక్క మాట. గాలి తెగడానికీ మళ్ళీ అతుక్కోవడానికీ కాస్త సమయం పడుతుంది. ఈ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తే ఊపు ఎలా పెరుగుతుందో అలా, ప్రతి ఊపులో గాలి కొంచెం శక్తిని కారులోకి తోస్తుంది. డ్యాంపర్లు (ఊపును తగ్గించే షాక్ అబ్జార్బర్లు) మింగేదానికంటే గాలి ఇచ్చేది ఎక్కువైతే ఎగరడం ఆగదు.

సీమ_మిరప | శనివారం ఉదయం 8:20

మాస్టారూ, దండం. గతుకు మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ ఒకటి. ఇది కొత్త సంగతి కాదు కదా? లోటస్ వాళ్ళు 70లలోనే చేశారు, అప్పుడు ఎగరలేదా? 40 ఏళ్ళ కింద తెలిసిన జబ్బు మళ్ళీ వస్తే దాన్ని ఏమనాలి, బద్ధకమా?

మూడో_గేరు | శనివారం ఉదయం 10:05

ఎగరకపోవడమేమిటి, శుభ్రంగా ఎగిరాయి. టీ తెచ్చుకుని కూర్చోండి, ఇది నాకు ఇష్టమైన కథ.

లండన్ ఇంపీరియల్ కాలేజీ విండ్ టన్నెల్‌లో లోటస్ కోసం పీటర్ రైట్ నమూనా కారును పరీక్షిస్తున్నాడు. కొలతలు ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి రావడం లేదు. చూస్తే నమూనా బలహీనమై, పక్కనున్న సైడ్‌పాడ్‌లు గాలికి కిందికి వంగుతున్నాయి. అవి నేలకు దగ్గరైనప్పుడల్లా డౌన్‌ఫోర్స్, అంటే కారును కిందికి నొక్కే బలం, పెరుగుతోంది. అట్టముక్కలు కోసి పక్క సందులు మూసేశారు. డౌన్‌ఫోర్స్ అమాంతం ఎగబాకింది. నమూనా గట్టిగా చేసి ఉంటే ఈ సంగతి ఇంకెన్నాళ్ళకు బయటపడేదో! (వర్క్‌షాప్‌లో "ఫినిషింగ్ బాలేదు" అని తిట్టే మాస్టార్లు ఇది గమనించాలి. నవ్వు.)

ఆ ముక్క పట్టుకుని కోలిన్ చాప్‌మన్ టీము లోటస్ 78 కట్టింది, 1977లో రేసులో దింపింది. సైడ్‌పాడ్ లోపల తిరగేసిన విమానం రెక్క ఆకారం, అంచున నేలను రాసుకునే స్కర్టులు. 78తో చిక్కేమిటంటే లాగుడు మరీ ముందుకు పడేది. 1978లో వచ్చిన 79లో పెట్రోలు ట్యాంకును డ్రైవర్ వెనక ఒక్కచోటికి చేర్చి, వెనక స్ప్రింగులను గాలి దారిలోంచి లోపలికి జరిపి, సొరంగం పొడుగునా గాలికి అడ్డం లేకుండా చేశారు. మారియో ఆండ్రెట్టి ఆ ఏడాది ఛాంపియన్. నా దృష్టిలో సింగిల్ సీటర్లలో అందమైన కారు అంటే అదే, వాదన పెట్టుకోను.

తర్వాత అత్యాశ. ఇంత లాగితే బాగుంది, ముక్కు నుంచి తోక దాకా మొత్తం రెక్క చేసేద్దాం అని 1979లో లోటస్ 80. వంపు తిరిగిన స్కర్టులు ఇరుక్కుపోయేవి. స్కర్టు ఇరుక్కుంటే పక్క నుంచి గాలి దూరి లాగుడు పోయేది, వదిలితే మళ్ళీ వచ్చేది. కారు గుర్రంలా గెంతింది. స్పెయిన్‌లో ఆండ్రెట్టి మూడో స్థానం తెచ్చాడు గానీ, మూడు రేసులకే దాన్ని పక్కన పెట్టి మళ్ళీ 79 ఎక్కాడు. అదే ఏడాది విలియమ్స్‌లో పాట్రిక్ హెడ్ ఎఫ్‌డబ్ల్యూ07 తెచ్చాడు. లోటస్ 79 ఆలోచనే, కాకపోతే కారు గట్టిగా కట్టాడు. లాగే బలాన్ని మోయగల చట్రం ఉంటేనే అది పనికొస్తుందని అతనికి ముందే అర్థమైంది.

కాబట్టి మిరప గారూ, జబ్బు తెలుసు. కానీ 1983లో చక్రాల మధ్య అడుగు చదునుగా ఉండాలని నిబంధన తెచ్చాక ఆ సొరంగాలు ఎఫ్1 నుంచి పోయాయి. దాంతో పెరిగిన తరం వేరు. అమెరికాలో ఇండీ కార్లు మాత్రం వాటిని వదల్లేదు.

హుస్సేన్‌సాగర్_గాలి | శనివారం ఉదయం 11:48

ఫ్యాన్ కారు గురించి చెప్పకుండా ఎలా వదిలేశావు అన్నా? దాన్ని రేసు ఆడకముందే బ్యాన్ చేశారట కదా, పాపం.

మూడో_గేరు | శనివారం మధ్యాహ్నం 12:10

ఆడింది, గెలిచింది కూడా! 1978 జూన్ 17, స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్. బ్రాభమ్ బీటీ46బి, గోర్డన్ మర్రీ డిజైన్, నికీ లౌడా డ్రైవర్. వాళ్ళ ఆల్ఫా రోమియో ఇంజను 12 సిలిండర్లూ అడ్డంగా పరిచినట్టు వెడల్పుగా ఉండేది, దాని పక్కన సొరంగాలకు చోటే లేదు. అందుకని మర్రీ వెనక పెద్ద ఫ్యాన్ పెట్టి కారు కింది గాలిని తోడేశాడు. కదిలే ఏరో పరికరాలు నిషిద్ధం కాబట్టి, ఇది ముఖ్యంగా ఇంజను చల్లబరచడానికి అని వాదించారు. రేడియేటర్ నిజంగానే ఇంజను పైన పడుకోబెట్టి ఉంది మరి!

నిలబడి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే చాలు, కారు కిందికి దిగేది. అది ఎవరి కంటా పడకూడదని, అసలు వేగం బయటపడకూడదని ప్రాక్టీసులో ట్యాంకు నిండా పెట్రోలు పోసి తిప్పారు. రేసులో 34 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ గెలుపు రికార్డుల్లో నిలిచింది. కానీ మిగతా టీములు గొడవ చేయడంతో కారు మళ్ళీ ట్రాక్ ఎక్కలేదు.

మాస్టారి లెక్కలో ఇది ఎక్కడ తేడా అంటే, ఫ్యాన్‌కు కారు వేగంతో పని లేదు. నిలబడ్డా లాగుతుంది. మెల్లని మలుపుల్లో మిగతా కార్లకు లేని బలం దీనికి ఉండేది.

నిర్వాహకుడు | శనివారం మధ్యాహ్నం 2:00

సెన్నా గొప్పా షూమాకర్ గొప్పా అంటూ ఇక్కడ పడిన పదకొండు పోస్టులను వేరే దారానికి తరలించాను. దయచేసి అక్కడ కొట్టుకోండి.

తడి_కార్బన్ | శనివారం సాయంత్రం 5:36

ఆలస్యంగా చూశాను. నేను ఇంగ్లండ్‌లో రేసు కార్ల కాంపోజిట్స్ (కార్బన్ ఫైబర్ భాగాలు) షాపులో పనిచేస్తాను. ఎక్కడ అని అడగొద్దు. ఏరో (గాలి లెక్కలు) నా శాఖ కాదు, వాళ్ళు గీసింది మేం పరిచి వండుతాం. "ముందే ఎందుకు తెలియలేదు" అన్న తమ్ముడి ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు చెబుతా.

విండ్ టన్నెల్‌లో అసలు కారు పెట్టరు. నిబంధన ప్రకారం నమూనా 60 శాతం సైజు మించకూడదు, గాలి సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. మాస్టారు మొదటి లెక్క వేసిన వేగమే అది, 180. ట్రాక్ మీద జబ్బు కనబడేది అంతకు చాలా పైన. పైగా నమూనాను ఒక కడ్డీకి వేలాడదీసి, కావలసిన ఎత్తులో స్థిరంగా నిలబెట్టి కొలుస్తారు. దానికి స్ప్రింగులూ నలిగే అసలు టైర్లూ ఉండవు. పరీక్షించే వస్తువుకు ఎగిరే స్వేచ్ఛే లేనప్పుడు అది ఎగురుతుందని ఎలా తెలుస్తుంది? ఇంకా కిందికి దింపి చూద్దామంటే నమూనా అడుగున ఉన్న కదిలే బెల్టు చిరుగుతుందని భయం. కంప్యూటర్ సిమ్యులేషన్‌లోనూ ఎక్కువగా చూసేది ఒక ఎత్తు దగ్గర నిలకడగా ఉన్న ప్రవాహాన్నే. దాంతో కాగితం మీద డౌన్‌ఫోర్స్ అంకె బ్రహ్మాండంగా కనబడుతుంది, ఆ ఎత్తులో కారు నడపలేం. మెర్సిడెస్ డబ్ల్యూ13 సంగతి చాలావరకు ఇదే. అంకె కోసం కారును కిందికి దింపితే గెంతింది, గెంతకూడదని పైకి లేపితే అంకె పోయింది. ఆ ఏడాది మొత్తం మీద వాళ్ళు గెలిచింది బ్రెజిల్ ఒక్కటే.

ఇంకోటి ఎవరూ అనలేదు. 2022లోనే సస్పెన్షన్‌లో వాడే ఇనర్టర్లను నిషేధించారు. స్ప్రింగు స్థానానికి స్పందిస్తుంది, డ్యాంపర్ వేగానికి స్పందిస్తుంది, ఇనర్టర్ వేగం మారే తీరుకు స్పందిస్తుంది. కేంబ్రిడ్జ్‌లో మాల్కమ్ స్మిత్ ఆలోచన అది. 2005 స్పెయిన్ రేసులో మెక్‌లారెన్ మొదటిసారి వాడి గెలిచింది. ఇలాంటి ఊపును అదుపు చేయడానికి పనికొచ్చే పరికరాన్ని, ఊపు తెచ్చే అడుగును ఇచ్చిన ఏడాదే తీసేశారు. ఖర్చు తగ్గించడానికే, కాదనను. కానీ వేళ చూశారా!

ఇక అడుగు పలక. పల్చటి కార్బన్, మధ్యలో తేనెపట్టు లాంటి కోర్. రెజిన్ పట్టించిన బట్టను మైనస్ 18 డిగ్రీల దగ్గర ఫ్రీజర్‌లో దాస్తాం, పొరలు ఏ కోణంలో పరచాలో పుస్తకంలో ఉన్నట్టు పరిచి, ఆటోక్లేవ్‌లో ఒత్తిడి పెట్టి వండుతాం. పొర ఒకటి పెంచితే గట్టిపడుతుంది, బరువూ పెరుగుతుంది. తగ్గిస్తే అంచు ఊగుతుంది. అంచు వంగితే గాలి దారి మారుతుంది, అదీ గెంతుకు ఆజ్యమే. అందుకే ఆ సీజన్ మొదట్లోనే అడుగు అంచును పైకి పట్టి ఉంచే సన్నని కడ్డీ పెట్టుకోనిచ్చారు. కొందరు అంచు కొంత కోసేశారు, గాలి కొద్దిగా కారిపోయి లాగుడు మెత్తబడుతుందని. నెలల పని పెట్టి చేసిన అంచును రంపం పట్టి కొయ్యమంటే చేతులు వణుకుతాయి తమ్ముడూ, ఆ బాధ మాకే తెలుసు.

సీమ_మిరప | శనివారం సాయంత్రం 6:11

అక్కా, మీ పోస్టు ఫ్రేమ్ కట్టించుకోవాలి. మరి రెడ్ బుల్ ఎందుకు ఎగరలేదు? వాళ్ళ డిజైనర్ న్యూయీకి ఏమైనా మంత్రం తెలుసా?

తడి_కార్బన్ | శనివారం సాయంత్రం 6:40

వాళ్ళదీ మొదట్లో కొంచెం ఊగింది. మంత్రం ఏమీ లేదు, వయసు కలిసొచ్చింది. ఏడ్రియన్ న్యూయీ సౌతాంప్టన్‌లో చదువుకునేటప్పుడు చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసిందే గ్రౌండ్ ఎఫెక్ట్ మీద, అంటే మనం చెప్పుకుంటున్న ఈ కారు కింది లాగుడు మీద. స్కర్టుల కాలం చూసిన మనిషి. అందుకని వాళ్ళ 2022 కారు ఆర్‌బీ18లో అడుగుతో పాటు సస్పెన్షన్‌ను కూడా ఏరో పనిముట్టుగా చూశారు. చక్రం కదలికను స్ప్రింగుకు చేర్చే కడ్డీ ముందు లాగే రకం (పుల్‌రాడ్), వెనక నెట్టే రకం (పుష్‌రాడ్). బ్రేకు వేసినప్పుడు ముక్కు కిందికి కుంగకుండా, గ్యాసు తొక్కినప్పుడు తోక కూలబడకుండా సస్పెన్షన్ చేతుల కోణాలు పెట్టారు. ఒక్క ఎత్తులో అదిరిపోయే అంకె కాకుండా, ఎత్తు మారినా పెద్దగా చెడని అంకె వెతుక్కున్నారు. 2023లో 22 రేసుల్లో 21 గెలిచారు.

కాకినాడ_కుర్రోడు | శనివారం రాత్రి 9:25

ఇంత సమాచారం ఒక్క రోజులో వస్తుందనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. ఇంకో డౌటు. కారును కాస్త పైకి లేపితే ఆగిపోతుంది కదా. డ్రైవర్ల నడుములు విరుగుతుంటే నిబంధనలు పెట్టే ఎఫ్‌ఐఏ "అందరూ పైకి లేపండి" అనలేదా?

మూడో_గేరు | శనివారం రాత్రి 10:02

దాదాపు అదే అన్నారు. బాకు తర్వాత నిలువు కుదుపుకు ఒక కొలత పెట్టారు, ఆ హద్దు దాటకూడదని బెల్జియం రేసు నుంచి అమలు చేశారు. 2023కు అడుగు అంచులను 15 మిల్లీమీటర్లు పైకి జరిపించారు. ఎవరికి వాళ్ళు లేపుకోమంటే ఎవరూ లేపరు తమ్ముడూ, పక్కవాడు లేపడని తెలుసు కాబట్టి.

తక్కువ ఎత్తు ఆశ ఎంత చెడ్డదో చెక్కపలక చెబుతుంది. 1994 నుంచి కారు కింద 10 మి.మీ. మందం పలక ఉండాలి, రేసు అయ్యేసరికి 9కి తగ్గకూడదు. ఆ ఏడాదే స్పాలో షూమాకర్ గెలిచి కూడా పలక అరిగి డిస్‌క్వాలిఫై అయ్యాడు. 2023 ఆస్టిన్‌లో హామిల్టన్, లెక్లెర్క్. 2025 లాస్ వేగస్‌లో నోరిస్, పియాస్ట్రి ఇద్దరూ. అక్కడ మెక్‌లారెన్ చెప్పిన కారణం ఏమిటో తెలుసా, అనుకోని పార్పాయిజింగ్! నాలుగో ఏడాది కూడా ఆ భూతం వదల్లేదు. చివరికి 2026 నిబంధనల్లో ఆ పొడవాటి సొరంగాలు తీసేసి అడుగును చాలావరకు చదును చేశారు, రెక్కలను కదిలేలా చేశారు. కనీస బరువు కూడా 768 కిలోలకు దించారు.

నాకైతే బాధగానే ఉంది. సొరంగాల వల్ల వెనక కారుకు కలగాపులగం గాలి తక్కువ తగిలి, మలుపుల్లో దగ్గరగా వెంటాడగలిగారు. మొదటి ఏడాది ఆ తేడా కళ్ళకు కనబడింది. తర్వాత టీములు అంచుల దగ్గర సుడులు పెంచుకుంటూ పోయి దాన్నీ చెడగొట్టుకున్నాయి.

హుస్సేన్‌సాగర్_గాలి | ఆదివారం ఉదయం 9:14

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాద్‌లో ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు నేను స్టాండ్‌లో కూర్చుని చూశాను. సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లు మనం మామూలుగా తిరిగే రోడ్డు మీద దడదడా కొట్టుకుంటూ పోయాయి. అదీ పార్పాయిజింగేనా?

తడి_కార్బన్ | ఆదివారం ఉదయం 10:50

కాదు, అది అచ్చమైన గతుకే. (మిరప గారూ, మీ సిద్ధాంతానికి సరైన చోటు దొరికింది.) ఆ జెన్3 కారులో కావాలనే డౌన్‌ఫోర్స్ తక్కువ పెట్టారు. వీధుల్లో ఎత్తుపల్లాలు ఉన్న చోట నేలకు అతుక్కునే కారు పెడితే అడుగు రోజుకొకటి మార్చాలి. దాని తెలివంతా వేరే చోట ఉంది. వెనక మోటారు 350 కిలోవాట్లు, ముందు ఇరుసు మీద 250 కిలోవాట్ల మోటారు బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి తీసుకోవడానికి మాత్రమే. ఈ రెండూ కలిసి కారును ఆపుతాయి కాబట్టి వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే డిజైన్ చేశారు.

కోన్‌లు_గుద్దినోడు | ఆదివారం మధ్యాహ్నం 1:30

కాకినాడ తమ్ముడూ, ఇప్పటిదాకా పెద్దవాళ్ళు పెద్ద కార్ల గురించి చెప్పారు. నేను మన కార్ల గురించి చెబుతా. నాలుగేళ్ళ కింద మా కాలేజీ టీముతో కోయంబత్తూరు కరి మోటర్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్‌కు, అంటే కాలేజీలు కట్టిన కార్ల పోటీకి, వెళ్ళాం. కేటీఎం 390 ఇంజను, గాలి తీసుకునే దారిలో రూలు ప్రకారం 20 మి.మీ. రెస్ట్రిక్టర్ (గాలిని తగ్గించే ఇరుకు గొట్టం). నాదీ నీ పనే, అండర్‌ట్రే.

యూట్యూబ్ చూసి వెర్రెక్కి సొరంగాలు గీశాను. సిమ్యులేషన్‌లో గంటకు 120 దగ్గర రంగురంగుల బొమ్మలు వచ్చాయి, రివ్యూలో చప్పట్లు కొట్టారు. ఒక్క సీనియర్ మాత్రం "మనం ఆటోక్రాస్‌లో (కోన్‌ల మధ్య మెలికల దారిలో) ఎంత వేగంతో పోతాంరా" అని అడిగాడు. సగటున 50, 55. మాస్టారి లెక్కే వెయ్యి. 54 అంటే సెకనుకు 15 మీటర్లు. అదే ఒకటిన్నర రెట్ల వేగం అనుకున్నా చదరపు మీటరుకు 17 కిలోలు. మా ట్రే బ్రాకెట్లతో కలిపి ఆరు కిలోలు తూగింది. మిగిలిందెంతో నువ్వే చూసుకో.

సరే, 17 కిలోలు కూడా టైరుకు మేలే అని పెట్టాం. మా ఊరి దగ్గర ఫైబర్ వాటర్ ట్యాంకులు చేసే షెడ్డులో అచ్చు పోయించాం. అక్కడి మేస్త్రీ "దీన్ని తిరగేస్తే బాత్ టబ్ అవుతుంది సార్" అన్నాడు, అతని మాట వినాల్సింది. కారు నిలబడి ఉన్నప్పుడు నేలకు 30 మి.మీ. ఖాళీ ఉండాలని మా ఏడాది రూలు. మేం 32 పెట్టి గర్వపడ్డాం. బ్రేకు వేస్తే ముక్కు ఎంత కుంగుతుందో ఎవరూ చూడలేదు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాక్ కావాలి కదా బ్రేక్ టెస్టులో, మా వాడు గట్టిగా తొక్కాడు. చక్రాలు లాక్ అయ్యాయి, ట్రే ముందు పెదవి రోడ్డుకు గీసుకుని ముక్కలైంది. రాత్రంతా కూర్చుని విప్పేసి, మర్నాడు ట్రే లేకుండా పరిగెత్తాం. ల్యాప్ టైము తేడా తెలియలేదు, అది ఇంకా అవమానం.

కాకినాడ_కుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 2:05

అన్నా, అయితే మానేయమంటావా? డిజైన్ ఫ్రీజ్‌కు ఇంకా మూడు వారాలుంది.

కోన్‌లు_గుద్దినోడు | ఆదివారం మధ్యాహ్నం 2:20

మానేయమనట్లేదు. ముందు బ్రేకు వేస్తే ముక్కు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో, మలుపులో పక్కకు ఎంత ఒరుగుతుందో కొలువు. ఆ తర్వాత గీత గీయి. మేం తలకిందులుగా చేశాం.

పాత_లేత్ | ఆదివారం సాయంత్రం 4:45

బాగా చెప్పావు. దానికి నాదో చేర్పు. ఒక ఎత్తు దగ్గర సిమ్యులేషన్ వెయ్యొద్దు. 25, 35, 45, 55 మి.మీ. దగ్గర వేసి డౌన్‌ఫోర్స్ గీత గీసుకో. గీత శిఖరం ఎక్కడుందో చూసి, ఆ శిఖరానికి కాస్త ఎత్తువైపు నీ కారును నిలబెట్టు. శిఖరం కంటే కిందికి దిగితే ఏమవుతుందో నిన్న పొద్దున్న చెప్పాను. లాగుడు కారు బరువు మధ్యానికి ముందు పడుతోందా వెనక పడుతోందా కూడా రాసుకో. లోటస్ 78ను ఇబ్బంది పెట్టిందే నిన్నూ పెడుతుంది. నీ కారు వేగానికి అది ఎగరదు, ఆ భయం వద్దు. కానీ ముందు చక్రాలకు పట్టు వచ్చి వెనక చక్రాలకు రాకపోతే మలుపులో గిర్రున తిరుగుతుంది.

సిమ్యులేషన్‌ను ఊరికే నమ్మొద్దు. కారు అడుగున దారపు ముక్కలు అతికించి, చిన్న కెమెరా పెట్టి తోలండి. దారాలు వెనక్కి నిటారుగా ఉన్నంతసేపు గాలి అతుక్కుని ఉన్నట్టు. పిచ్చిగా కొట్టుకుంటే తెగినట్టు.

కాకినాడ_కుర్రోడు | బుధవారం రాత్రి 11:18

అప్‌డేట్. పాత సీజన్ కారు షెడ్డులో ఉంటే దానికి అట్టతో తాత్కాలికంగా డిఫ్యూజర్ కట్టాం. ఉన్ని దారం దొరకలేదు. అమ్మ పూలు కట్టే దారం ఉండ ఎత్తుకెళ్ళి, రెండంగుళాల ముక్కలు కోసి, ఎనభై దాకా టేపుతో అతికించాం. కాలేజీ వెనక రోడ్డు మీద 60లో తోలి ఫోన్‌తో వీడియో తీశాం.

మధ్యలో వరసలన్నీ చక్కగా వెనక్కి చూస్తున్నాయి. డిఫ్యూజర్ ఎడమ చివర ఆరు దారాలు మాత్రం ముందుకు తిరిగి, గుండ్రంగా కొట్టుకుంటున్నాయి. కుడివైపు అలా లేదు. అట్ట ఎడమవైపు కొంచెం వంగిందని తర్వాత చూశాం. అదేనా కారణం?

పాత_లేత్ | గురువారం ఉదయం 5:50

అయ్యుండొచ్చు. ఆ అట్టను సరిచేసి, ఇంకేమీ మార్చకుండా, అదే రోడ్డు మీద అదే వేగంతో మళ్ళీ తోలు. ఎడమ దారాలు సర్దుకుంటే అట్టే దోషి. సర్దుకోకపోతే ఎగ్జాస్ట్ ఎటువైపు ఉందో చెప్పు.

కాకినాడ_కుర్రోడు | గురువారం ఉదయం 7:02

ఎడమవైపే మాస్టారూ.

కోన్‌లు_గుద్దినోడు | గురువారం ఉదయం 7:10

అయితే ఈసారి ఫోన్ కుడివైపు కట్టు. మాది అలాగే కరిగిపోయింది.